మత్తకోకిలలో తిట్టు

నా బావమరిది నా భార్యను చంపాడు. తర్వాత నా పద్యాన్ని దొంగిలించాడు. ఈ రెండూ జరిగినవే. కాదనేవాళ్ళు తమ తమ ఇళ్ళలో కూర్చుని కాదనుకోవచ్చు.

మేం ముగ్గురం ఒకే కలప మిల్లులో పనిచేసేవాళ్ళం. నేను రంపాలకు పదును పెట్టేవాణ్ణి. వాడు మేస్త్రీ. నా భార్య రంపపు పొట్టు ఊడ్చేది. ఇంజను నుంచి రంపాల దాకా తోలు పట్టాలు తిరుగుతుంటాయి. ఆ పట్టాలకు అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి. పట్టా జారినప్పుడల్లా జాలీ విప్పాలి, పట్టా ఎక్కించాలి, మళ్ళీ జాలీ బిగించాలి. ఆ బిగించే కాస్త సేపు వాడికి బరువైంది. ఒకరోజు విప్పి గోడకు ఆనించాడు. అది గోడకే ఉండిపోయింది.

ఇంజను ఆపిన తర్వాతే పట్టాల కింద ఊడ్చాలి. వాడు ఆపనివ్వలేదు. "వంగి ఊడ్చెయ్ అక్కా, అదేం నిన్ను కరవదు" అన్నాడు. సాన గది గుమ్మంలో నిలబడి ఆ మాట నేను విన్నాను.

కరిచింది. ముందు జడను పట్టుకుంది. జడ వెంట తల, తల వెంట మనిషి. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఇంజను ఆపారు. పట్టాను తిప్పే చక్రం మాత్రం ఇంకా నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. పొట్టు రక్తం పీల్చుకుని ముద్దలు కట్టింది. ఆమెను ఆమె అని నేను బట్టల రంగును బట్టి పోల్చుకున్నాను.

విచారణకు వచ్చిన అధికారి పనిమనిషి అజాగ్రత్త అని రాసుకుపోయాడు. అతను వచ్చేసరికి జాలీ బిగించి ఉంది. ఎవరు బిగించారో అతను అడగలేదు.

వాణ్ణి ఆకురాయితో పొడవాలని మొదట అనుకున్నాను. రంపం పళ్ళు రాసే ఆకురాయి మోచేతి పొడవుంటుంది, మొన ఉంటుంది, పిడి నా చేతికి అలవాటే. కానీ పొడిస్తే వాడు క్షణంలో పోతాడు. లోకం వాడి మీద జాలిపడుతుంది. అది నాకు వద్దు. వాడు చావాలి. ఎందుకు చస్తున్నాడో తెలిసి చావాలి. నలుగురూ వింటుండగా చావాలి.

పల్లెటూళ్ళో నా చదువు ఐదో తరగతితో సరి. మా పంతులు పద్యం అప్పజెప్పించి, తడబడితే వేళ్ళ కణుపుల మీద బెత్తంతో కొట్టేవాడు. నా కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఆయన కొడుతూ కొడుతూ ఒక మాట చెప్పేవాడు. "పద్యంతో మనుషుల్ని చంపిన కవులున్నార్రా. పద్యం మొదట చెడ్డ గణం పెట్టి, ఎదురుగా నిలబడి చదివితే అవతలవాడు బతికి బట్టకట్టడు. మీరు పలక కూడా సరిగ్గా పగలగొట్టలేరు." అన్నీ మరిచిపోయాను గానీ దెబ్బతో పాటు లోపలికి దిగిన ఆ మాట మిగిలింది.

మిల్లుకు రెండు వీధుల అవతల, సైకిలు రిపేరు కొట్టు పైగదిలో, రిటైరైన పంతులు ఒకాయన సాయంత్రాలు పద్యరచన నేర్పేవాడు. అందరూ గణాల పంతులు అనేవాళ్ళు. ఉద్యోగాలు అయిపోయినవాళ్ళు వెళ్ళి చందమామ మీద, మనవరాళ్ళ మీద పద్యాలు కట్టేవాళ్ళు. నేను వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను.

"ఏం రాద్దామని వచ్చావయ్యా?" అన్నాడు పంతులు.

"తిట్టు."

"ఎవర్ని?"

"మా బావమరిదిని."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు. "దానికి ఛందస్సు దేనికి? లోకమంతా బావమరుదుల్ని వచనంలోనే తిడుతోంది కదా."

"వచనంలో తిడితే చావడు."

ముందు బల్ల మీది బట్టతల గుమాస్తా వెనక్కి తిరిగాడు. "పంతులు గారూ, ఇదేదో పనికొచ్చే చదువులా ఉందండీ. నేర్పండి. మా అల్లుడికి నేనూ ఒకటి కట్టుకుంటా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఆపేశారు.

గురువు, లఘువు దగ్గర మొదలుపెట్టాడు. చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టి వినిపించేవాడు. పొడుగు దెబ్బ గురువు, పొట్టి దెబ్బ లఘువు. మూడేసి దెబ్బలు కలిపితే ఒక గణం. అది నాకు తొందరగా పట్టుబడింది. దెబ్బల లెక్క చిన్నప్పుడే వచ్చు. మిల్లులో కోసిన చెక్కల మీద కొలత గీసే సుద్దతో గురువులు, లఘువులు పెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ చెక్కలు అలాగే బండెక్కి పోయేవి. ఎవరి ఇంటి తలుపు వెనక ఏ పాదం ఉందో నాకు తెలియదు.

అలంకారాల దగ్గర ఆగిపోయాను. మొదట రాసుకెళ్ళిన ముక్కలో బావమరిదిని పులి అన్నాను, పాము అన్నాను. పంతులు చదివి కాగితం నా ముందుకు తోశాడు.

"పులిని చూశావా?"

"లేదు."

"బావమరిదిని?"

"రోజూ."

"చూసినవాణ్ణి వదిలేసి చూడనిదాన్ని రాస్తావేం? పోలిక ఊరికే రాదయ్యా. పొగడ్డానికైనా తిట్టడానికైనా ముందు మనిషిని కళ్ళారా చూడాలి. వెళ్ళి చూసి రా."

వెళ్ళి చూశాను. వాడు అన్నం గిన్నె పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేవాడు. అందరూ వెళ్ళాక కిరసనాయిలు గుడ్డతో ఆ చక్రం తుడిచేవాడు. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ తుడిచేవాడు. పట్టా జారినప్పుడు ఎవరో విప్పిన జాలీ మాత్రం మళ్ళీ గోడ దగ్గరికే చేరింది. దాన్ని ముట్టుకోవడానికి వాడికి ధైర్యం చాలలేదట. పక్కవాళ్ళు చెప్పారు. ఇదంతా చూశాను, విన్నాను. నా తిట్టుకు పనికిరాలేదు. వదిలేశాను.

"పోలికలు వద్దండి" అని పంతులుతో చెప్పాను. "ఉన్నది ఉన్నట్టు పెడతాను. మొదట మాత్రం చంపే గణం కావాలి."

ఆయన స్కేలు బల్ల మీద పెట్టాడు. "రగణానికి అగ్ని అధిదేవత. మొదట పెడితే దహనం అన్నారు పాతవాళ్ళు."

"దాంతో మొదలయ్యేది ఏదుంది?"

"మత్తకోకిల ఉంది. కానీ నా మాట విను. అది తిట్టుకు పనికిరాదు. ఉయ్యాలలా ఊగుతుంది. నోటికి ఇట్టే వచ్చేస్తుంది, పాడుకోబుద్ధేస్తుంది. తిట్టు అనేది గొంతులో ముల్లులా అడ్డం పడాలి."

"మొదట అగ్ని ఉందా లేదా?"

"ఉందయ్యా."

"చాలు."

నేను చేసిన తప్పు అదే అని తర్వాత పంతులు అన్నాడు. నేను ఒప్పుకోను. దొంగ లేకపోతే తలుపు తీసి ఉన్నా ఏం పోదు.

ఆ పద్యం కట్టేసరికి వానలు వెళ్ళి చలి వచ్చింది. ఒక మాట గణానికి సరిపోతే యతికి సరిపోదు. రెండూ కుదిరితే ప్రాస దగ్గర విరిగేది. విరిగినప్పుడల్లా చేతిలో ఏదుంటే దాన్ని గోడకేసి కొట్టేవాణ్ణి. ఇంట్లో గాజు సామాను మిగల్లేదు. ఒకరోజు యతి కుదరక రంపం పళ్ళ మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. రక్తం వచ్చింది, మాట రాలేదు. చివరికి కట్టాను. ఇదీ అది. ఎవరి నోటో తప్పుగా వినేకంటే నా దగ్గరే సరిగ్గా వినండి.

తోలు పట్టకు కంచె తీసిన దుష్టుడా విను నీకికన్
కాలు నిల్వదు చేయి నిల్వదు కంటి నిద్దుర నిల్వదోయ్
వేలు వేలుగ రాలిపోవును వేడి రంపపు పొట్టులో
కాలి బూడిద యౌదు నీవిక కట్టె లోపలి నిప్పులో

పంతులు స్కేలుతో బల్ల మీద కొట్టుకుంటూ చదివాడు. ఎక్కడా తప్పలేదు. ఆయన నన్ను మెచ్చుకోలేదు. "వెళ్ళకు" అన్నాడు. వెళ్ళాను.

మధ్యాహ్నం పని జోరుగా ఉన్నప్పుడు మిల్లులోకి నడిచాను. వాడు పెద్ద రంపం దగ్గర, తిరిగే పట్టా పక్కన నిలబడి నూనె పోస్తున్నాడు. దుంగలు దొర్లించేవాళ్ళు, చెక్కలు పేర్చేవాళ్ళు అందరూ ఉన్నారు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏంటి బావా?" అన్నాడు.

"పద్యం చెబుతాను. కదలకు."

"ఇంజను ఆపనా? వినపడదు."

"వినపడుతుంది."

పల్లెటూరి బడిలో గొంతు చించుకుని అప్పజెప్పినవాణ్ణి. ఇంజను మోతను మించి నా గొంతు వినిపించింది. మొదటి పాదానికి వాడి ముఖం తెల్లబడింది. రెండో పాదానికి నూనె డబ్బా కింద పడింది. మూడో పాదం అంటుండగా వాడు నా ముఖం మీది నుంచి చూపు తిప్పకుండా, తెలియకుండానో తెలిసో, ఆసరా కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టా మీద పడింది.

పట్టా ఆ చేతిని తీసుకుపోయి చక్రం కిందికి తోసింది. ఎముక విరిగిన చప్పుడు పచ్చికొమ్మ విరిచినట్టు వచ్చింది. వేళ్ళు పొట్టులో పడ్డాయి. నేను చెప్పిన చోటే పడ్డాయి. మోచెయ్యి దాకా లోపలికి వెళ్ళింది, భుజం వెళ్తోంది, వాడి గడ్డం చక్రానికి జానెడు దూరంలో ఉంది.

ఇంజను మీట షెడ్డుకు అవతలి కొసన ఉంది. బెరడు చెక్కే గొడ్డలి నా పక్కనే దుంగలో దిగి ఉంది. పెరికి పట్టా మీద వేశాను. మళ్ళీ వేశాను. తెగిన పట్టా కొరడాలా వచ్చి నా ఎడమ చెవిని సగం తీసుకుపోయింది. వాడు జారి పొట్టులో కూలబడ్డాడు.

ఎందుకు తెంచావని చాలామంది అడిగారు. జాలి అనుకున్నారు. నాలుగో పాదం మిగిలి ఉంది. వాడు అది వినలేదు. పైగా ఆ పట్టా మీద చావు నా భార్యది. అది వాడికి దక్కడం నాకు ఇష్టం లేదు.

ఆసుపత్రిలో చేతిని మోచేతి పైదాకా తీసేశారు. నా తలకు కట్టు కట్టారు. వార్డులోకి వెళ్ళేసరికి మా అత్తగారు కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అల్లుడివి కాదు నాయనా, కొడుకువి. కూతుర్ని పోగొట్టుకున్నా. వీణ్ణి నువ్వు నాకు మిగిల్చావు. కడుపులో ఏదీ పెట్టుకోలేదు నువ్వు."

"పెట్టుకున్నాను అత్తయ్యా. అది చెప్పడానికే వచ్చాను."

సగంలో ఆగిన పద్యం పనిచెయ్యదు. మొదటి నుంచీ చెప్పాను. నాలుగో పాదాన్ని వాడి చెవి దగ్గరికి వంగి చెప్పాను. పక్క మంచాల వాళ్ళు దగ్గడం కూడా మానేశారు.

మా అత్తగారు నా చెంప మీద కొట్టింది. కట్టు కట్టిన వైపే కొట్టింది. రక్తం మళ్ళీ మొదలైంది.

"ఇందులో నా కూతురు ఏదిరా?" అంది. జీవితంలో నన్ను ఏరా అనడం అదే మొదలు. "ఇన్నాళ్ళు కూర్చుని కట్టావే. వీడున్నాడు, పట్టా ఉంది, పొట్టు కూడా ఉంది. అది ఏదీ?"

"ఇది ఆమె మీద పద్యం కాదు."

"మరి ఎవరి కోసం కట్టావు?"

మంచం మీద నుంచి బావమరిది గొంతు వచ్చింది. మందు మత్తులో నాలుక మొద్దుబారి ఉంది.

"బావా. ఇంకోసారి చెప్పు."

నొప్పి చాలక అడుగుతున్నాడనుకున్నాను. సంతోషంగా చెప్పాను. వాడి పెదవులు నాతో పాటు కదిలాయి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని వాడే మొత్తం చెప్పాడు. ఒక్క అక్షరం పోలేదు. వాడూ మా పల్లెటూరి బడి పంతులు దగ్గర దెబ్బలు తిన్నవాడే.

వాడు చావలేదు. మొండి చెయ్యి మానింది. నేను గణాల పంతులు దగ్గరికి వెళ్ళి, ఎందుకు చావలేదని అడిగాను.

"పాతవాళ్ళు అన్నారని చెప్పాను" అన్నాడు ఆయన. "జరుగుతుందని నేనన్నానా?"

ఆయన స్కేలు లాక్కుని మోకాలి మీద పెట్టి విరిచి బల్ల మీద పడేశాను. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

వాడు మిల్లుకు తిరిగి వచ్చాడు. వచ్చిన రోజే ఒంటి చేత్తో జాలీలన్నీ బిగించాడు. బోల్టును పళ్ళతో పట్టుకుని, స్పానర్ చేత్తో తిప్పుతుంటే సాయం పోయినవాళ్ళను తిట్టాడట. తర్వాత ఒక పద్ధతి పెట్టాడు. కొత్తగా పనిలోకి ఎవరొచ్చినా వాడి ఎదుట నిలబడి నా పద్యం మొత్తం చెప్పాలి. చెప్పినవాళ్ళనే పట్టాల దగ్గరికి పోనిస్తాడు. ముందు వాడే చెప్పి నేర్పుతాడు. దుష్టుడా విను అన్నప్పుడు మొండి చేతితో తన గుండె మీద కొట్టుకుంటాడు. వేలు వేలుగ అన్నప్పుడు ఖాళీ చొక్కా చెయ్యి ఊపి చూపిస్తాడు.

పద్యం వాళ్ళ నోళ్ళలో పడింది. ఊడ్చే ఆడవాళ్ళు చీపురు ఊపుకు సరిగ్గా పాడుకుంటున్నారు. దుంగలు దొర్లించేవాళ్ళు రెండో పాదం అందుకుని ఒకేసారి తోస్తున్నారు. కాలు నిల్వదు, చేయి నిల్వదు. పంతులు చెప్పినట్టే ఊగింది. పక్క మిల్లుకు వెళ్ళింది. మేస్త్రీ పద్యం అని దానికి పేరు పెట్టారు. ఆ తర్వాత మా మిల్లులో ఒక్క వేలు పోలేదు.

నేను వాణ్ణి చంపడానికి కట్టాను. వాడు దాన్ని కాపలాకు పెట్టుకున్నాడు.

ఒక ఉదయం సాన గదిలో కూర్చుని ఉంటే అవతల కొత్తవాళ్ళు పాఠం అప్పజెబుతున్నారు. నలుగురైదుగురు కలిసి. అందులో ఎవరో రాగం తీశారు. ఎవరో నవ్వారు. నేను లేచి పేర్చిన చెక్కల్లోంచి ఒకటి లాగాను. వెళ్ళి వాడి వీపు మీద కొట్టాను. ముందుకు పడ్డాడు. మోకాళ్ళ మీద లేస్తుంటే పక్కటెముకల మీద కొట్టాను. ముఖం మీద కొట్టాను. పన్ను ఊడి నేల మీద పడింది. వాడికి ఉన్న ఒక్క చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అది నా కోపాన్ని రెండింతలు చేసింది. చెక్క చీలేదాకా కొట్టాను.

నోట్లో రక్తం ఉమ్మి తలెత్తాడు. "బావా, ఎక్కడన్నా తప్పు చెబుతున్నానా?"

తప్పు చెప్పడం లేదు. చెప్పి ఉంటే దిద్దడానికైనా ఆ పద్యం మీద నాకు హక్కు ఉండేది.

చీలిన చెక్కతో పొడవబోతుంటే ఊడ్చే మనిషి ఒకామె వెనక నుంచి నా నడుం పట్టుకుంది. బలమైన మనిషి.

"వదిలెయ్ బాబాయ్, చస్తాడు."

"చావాలి."

"ఆ పద్యం నోట్లో ఆడబట్టే మొన్న చెయ్యి వెనక్కి లాక్కున్నా. లేకపోతే నాకూ ఒకటే మిగిలేది. నువ్వే కట్టావటగా. నీ కడుపు చల్లగుండ."

"నీ కోసం కట్టలేదు."

"ఎవరి కోసం కడితే ఏంటి? తగిలింది నాకు."

నన్ను మిల్లులోంచి తీసేశారు. పోలీసులు వచ్చి అడిగితే వాడు దుంగల మీద నుంచి జారిపడ్డానని చెప్పాడు. అది కూడా వాడు నాకు పెట్టిన భిక్ష అనుకుంటే పొరపాటు. నేను తీసుకోలేదు. స్టేషనుకు నేనే వెళ్ళి కొట్టింది నేనేనని చెప్పాను. కొన్నాళ్ళు లోపల ఉండి వచ్చాను. ఇప్పుడు వీధుల్లో తిరిగి కత్తులు, కత్తెరలు సానపడుతున్నాను.

జైలు నుంచి వచ్చిన కొత్తలో మా అత్తగారు ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. నేను కూర్చోమనలేదు.

"వాడి మీద నువ్వు కట్టింది ఊరంతా పాడుతోంది. వాణ్ణి తలుచుకుంటున్నారు. అదొకతి ఉండేదని ఎవరికీ తెలియదు. నీకు విద్య ఉంది. దాని మీద ఒక్కటి కట్టు. నా కోసం కాదు. దాని కోసం."

"కట్టను."

"ఎందుకురా? ఏం చేసింది అది నీకు?"

"పద్యం కడితే నలుగురి నోట్లో పడుతుంది. ఊడుస్తూ పాడతారు, దుంగలు తోస్తూ పాడతారు. మీ కొడుకు కూడా పాడతాడు. బాగా పాడతాడు. ఆమెను వాడి నోట్లో పెట్టమంటారా?"

"అయితే మీ ఇద్దరిలో దాన్ని ఎవడు ఎక్కువ చంపాడో నాకు అర్థం కావడం లేదు" అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను తలుపు వేసుకున్నాను.

తర్వాత కూడా మనుషులు వస్తున్నారు. మేస్త్రీ పద్యం కట్టింది మీరేనా అంటారు. ఆమె ఎలా ఉండేదని అడుగుతారు. కత్తి ఉంటే ఇవ్వమంటాను, లేకపోతే వెళ్ళమంటాను. అడిగేవాళ్ళు మానేస్తారని ఈ ఒక్కసారికి చెప్పాను. ఇక ఆ పద్యం గురించి గానీ, వాడి గురించి గానీ, ఆమె గురించి గానీ నా నోటి నుంచి ఒక్క మాట రాదు.